హెచ్‌సీయూలో లెక్చర్లు, ట్రైనింగులు, నాటకాలు: బయటివాళ్లు ఎలా వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి

గచ్చిబౌలి మీదుగా రోజూ ఆఫీసులకి పోయేవాళ్లు హెచ్‌సీయూ, అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మెయిన్ గేటు ముందు నుంచే వెళ్తుంటారు, కానీ లోపలికి వెళ్లి ఒక్క లెక్చర్ విన్నవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనపడలేదు. నేనూ ఆరేళ్లు అలాగే బయట నుంచే పోయాను. మేం చందానగర్‌లో ఉంటాం, ఇక్కడే ఒక స్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా బయాలజీ చెప్తాను. యూనివర్సిటీ అంటే అందులో చదివేవాళ్లకే, మనల్ని గేటు దగ్గరే ఆపేస్తారు అని గట్టిగా నమ్మేదాన్ని. ఒకసారి నా దగ్గర చదువుకున్న అబ్బాయి అక్కడ ఎమ్మెస్సీలో చేరి, "మేడమ్, రేపు సాయంత్రం మలేరియా మీద టాక్ ఉంది, ఎవరైనా రావచ్చంట, మీరు రండి" అని వాట్సాప్‌లో పోస్టర్ పంపాడు. సరే చూద్దాం అని వెళ్లాను. అప్పట్నించి నెలకి ఒకటో రెండో ఏదో ఒకదానికి వెళ్తూనే ఉన్నా. మా స్టాఫ్ రూమ్‌లో అందరూ ఎలా వెళ్లాలి, ఎవర్ని అడగాలి అని అడుగుతుంటే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నా.

మొదట ఒక్క విషయం. ఈ యూనివర్సిటీ మనకి ఊరికే రాలేదు. 1969 తెలంగాణ ఉద్యమం, తర్వాత 1972-73 జై ఆంధ్ర ఉద్యమం, వాటి తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకం, అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టాలని. దానికోసం రాజ్యాంగంలో 371ఈ అని ఒక ఆర్టికలే చేర్చారు. 1974 అక్టోబర్ 2న యూనివర్సిటీ మొదలైంది, అదీ నాంపల్లి దగ్గర సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో. తర్వాత గచ్చిబౌలికి మారింది. అంటే ఇది ఈ నేల మీద జనం కొట్లాడితే వచ్చిన చదువుల చోటు. బయటివాళ్లం అనే బెరుకు పెట్టుకోవద్దు అని చెప్పడానికే ఇదంతా.

స్టెప్ 1: లోపల ఏమేం జరుగుతాయో తెలుసుకోండి

అన్నిటినీ "ప్రోగ్రాం" అనే అంటాం కానీ ఒక్కోదాని పద్ధతి వేరు. తెలియకుండా వెళ్తే మొదటిసారే బోర్ కొట్టి మళ్లీ వెళ్లరు, మా కొలీగ్ ఒకావిడకి అదే జరిగింది.

డిపార్ట్‌మెంట్ సెమినార్ అంటే చిన్న హాల్లో ముప్పై నలభై మంది ఉంటారు, వేరే సంస్థ నుంచి వచ్చిన సైంటిస్టో ప్రొఫెసరో తన రీసెర్చ్ గురించి చెప్తారు, ఆ సబ్జెక్టు వాళ్ల కోసమే కాబట్టి కొంచెం బరువుగా ఉంటుంది. మెమోరియల్ లెక్చర్, డిస్టింగ్విష్డ్ లెక్చర్ లాంటివి డీఎస్‌టీ ఆడిటోరియం, సీవీ రామన్ ఆడిటోరియం లాంటి పెద్ద హాళ్లలో పెడతారు, వీటికి అందరూ వస్తారని తెలుసు కాబట్టి వక్తలు కూడా కాస్త అర్థమయ్యేట్టు మాట్లాడతారు. మొదటిసారి వెళ్లేవాళ్లు వీటితోనే మొదలెట్టండి. తెలుగు శాఖ, అనువాద అధ్యయనాల సెంటర్, జానపద సంస్కృతి అధ్యయనాల సెంటర్ వాళ్లు పెట్టే సదస్సులు ఇంకో రకం, అక్కడ రోజంతా పత్ర సమర్పణలు నడుస్తాయి, మనకి నచ్చిన సెషన్‌కి వెళ్లి కూర్చోవచ్చు, తెలుగు శాఖ సదస్సుల్లో అయితే చాలావరకు తెలుగులోనే ఉంటాయి కాబట్టి ఇంగ్లీష్ అంటే భయపడేవాళ్లకి ఇదే మంచి దారి.

ఇంకోటి చాలామందికి తెలియదు, పీహెచ్‌డీ వైవా, అంటే థీసిస్ రాసినవాళ్లని ఎగ్జామినర్ ఎదురుగా ప్రశ్నలు అడిగే ఆఖరి పరీక్ష. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ ప్రకారం వైవా ఓపెన్‌గా జరగాలి, అధ్యాపకులు, ఇతర రీసెర్చ్ స్కాలర్లు, స్టూడెంట్లు కూడా వచ్చి కూర్చోవచ్చు. మీరు పీహెచ్‌డీ చేద్దాం అనుకుంటుంటే డిపార్ట్‌మెంట్‌లో అడిగి ఒక్క వైవాకి వెళ్లి రండి, అయిదేళ్ల పని ఆఖరికి ఎలా ఉంటుందో, ఎగ్జామినర్ ఏం అడుగుతారో, గైడ్ ఎలా కూర్చుంటారో కళ్లారా చూస్తారు, ఏ కోచింగ్ సెంటరూ అది చూపించలేదు.

స్టెప్ 2: ఎప్పుడు ఏం ఉందో పట్టుకోవడం

యూనివర్సిటీ వెబ్‌సైట్, వాళ్ల న్యూస్ పేజీ హెరాల్డ్ చూస్తుండండి. కానీ నిజం చెప్పాలంటే చాలా టాక్‌లు నాలుగైదు రోజుల ముందే ఖరారవుతాయి, వెబ్‌సైట్‌లో పడేసరికి ఒక్కోసారి అయిపోతుంది కూడా. అందుకే మనిషి కావాలి. మీ చుట్టాల్లోనో మీ పాత స్టూడెంట్లలోనో అక్కడ చదివే ఒక్క పిల్ల, ఒక్క పిల్లాడు ఉన్నా చాలు, వాళ్ల డిపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పడ్డ పోస్టర్ ఫార్వార్డ్ చేయమనండి. ఎవరూ లేకపోతే మీకు నచ్చిన డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఒక చిన్న మెయిల్ పెట్టండి, నేను ఫలానా స్కూల్ టీచర్ని, మీ పబ్లిక్ లెక్చర్ల సమాచారం నాకూ పంపగలరా అని. నేను మూడు డిపార్ట్‌మెంట్లకి పెట్టాను, రెండు చోట్ల నుంచి ఇప్పటికీ మెయిల్స్ వస్తున్నాయి. ఒకసారి లోపలికి వెళ్లాక షాప్‌కామ్ (క్యాంపస్‌లోని షాపింగ్ కాంప్లెక్స్) దగ్గర, బిల్డింగుల్లో నోటీసు బోర్డుల మీద పోస్టర్లు ఫోటో తీసుకుంటే వచ్చే రెండు వారాలకి సరిపడా దొరుకుతాయి.

పోస్టర్‌లో నాలుగు చూడాలి. అందరికీ ఆహ్వానం అని ఉందా, రిజిస్ట్రేషన్ లింక్ ఉందా, హాలు ఏ స్కూల్ బిల్డింగ్‌లో ఉంది, హోస్ట్ ఎవరు, అంటే ఆ టాక్ ఏర్పాటు చేసేది ఎవరు. అక్కడ స్కూల్ అంటే మన స్కూల్ కాదు, స్కూల్ ఆఫ్ ఫిజిక్స్, స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ అని పెద్ద విభాగాలు, ఒక్కోదానికి ఒక్కో బిల్డింగ్ ఉంటుంది. సెమినార్ హాల్ అని మాత్రం గుర్తుపెట్టుకుని వెళ్తే పనికాదు, ప్రతి బిల్డింగ్‌లోనూ ఒక సెమినార్ హాల్ ఉంటుంది, నేను మొదట్లో ఒకసారి వేరే సబ్జెక్టు వాళ్ల మీటింగ్‌లో పావుగంట కూర్చుని వచ్చాను.

పరీక్షలప్పుడు, సెలవుల్లో ఇవి బాగా తగ్గిపోతాయి. సెమిస్టర్ మధ్య నెలలే మంచి సీజన్, అంటే ఆగస్టు నుంచి నవంబర్, మళ్లీ జనవరి చివర్నుంచి ఏప్రిల్. ఫిబ్రవరి 28 నేషనల్ సైన్స్ డే చుట్టుపక్కల అయితే ఏదో ఒకటి ఉంటుంది.

స్టెప్ 3: వెళ్లడం, గేటు దాటడం

మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి పోయే 216 బస్సు మెయిన్ గేటు ముందు నుంచే పోతుంది. మెట్రోలో వచ్చేవాళ్లు రాయదుర్గంలో దిగి బస్సో ఆటోనో ఎక్కాలి. సికింద్రాబాద్ వైపు వాళ్లకి ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి వచ్చి అక్కడ్నించి రావడం తేలిక.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు అడుగుతారు, అడగాలి కూడా, వేలమంది పిల్లలు హాస్టల్స్‌లో ఉండే చోటు. ఆధార్ గానీ మీ ఆఫీసు ఐడీ గానీ పెట్టుకోండి, ఫోన్‌లో పోస్టర్ తీసి ఉంచుకోండి, హాలు పేరు, హోస్ట్ పేరు తడుముకోకుండా చెప్పండి. అంతే, రిజిస్టర్‌లో పేరు రాయించుకుని పంపేస్తారు. ఏదైనా ఆంక్షలు ఉన్న రోజు అయితే అవి మారొచ్చు, అందుకే హోస్ట్ డిపార్ట్‌మెంట్‌కి ముందురోజు ఒక మెయిల్ వేసి ఆ జవాబు చూపించగలిగితే ఇంకా మంచిది. ఇది నాకు ఊరికే తెలియలేదు. నగరంలోనే ఇంకో పెద్ద సంస్థలో పబ్లిక్ లెక్చర్ అని పోస్టర్ చూసి ఇద్దరు పిల్లల్ని వెంటపెట్టుకుని వెళ్తే, లోపల్నించి లిస్ట్ రాలేదని గేటు దగ్గరే ఆపేశారు, నలభై నిమిషాలు ఎండలో నిలబడి వెనక్కి వచ్చాం, పిల్లల మొహాలు చూడలేకపోయాను. అప్పట్నించి మెయిల్ వేయకుండా ఎక్కడికీ కదలను.

క్యాంపస్ దాదాపు 2300 ఎకరాలు అని చెప్తారు. గేటు లోపల అడుగుపెట్టగానే హాలు ఉంటుందనుకోవద్దు, నడక ఉంటుంది, కనీసం అరగంట చేతిలో ఉంచుకోండి. ఆ నడక మాత్రం బాగుంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య చెట్లు, సాయంత్రం పూట నెమళ్ల అరుపులు. గచ్చిబౌలి అంతా ఒకప్పుడు ఇలాగే ఉండేది. వాటర్ బాటిల్ మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి, జింకల దగ్గరికి సెల్ఫీల కోసం వెళ్లకండి, చెరువుల వైపు తెలియని దారుల్లో ఒంటరిగా పోవద్దు.

స్టెప్ 4: ముందురోజు అరగంట

ఇది చేస్తేనే లెక్చర్ మీకు దక్కుతుంది. పోస్టర్ కింద అబ్‌స్ట్రాక్ట్ అని, టాక్ సారాంశం పది లైన్లు ఉంటాయి. అది చదివి తెలియని మాటలు కింద గీత గీసి, వాటిలో రెండో మూడో వెతికి అర్థం తెలుసుకోండి. అన్నీ వద్దు, రెండు మూడు చాలు. వక్త పేరు కొట్టి వాళ్లు ఏ ఊళ్లో, దేని మీద పనిచేస్తారో చూడండి. ఆ తర్వాత మీ జీవితంలో నుంచి ఒక ప్రశ్న రాసుకోండి. టీచర్ అయితే క్లాసులో నుంచి, రైతు కుటుంబం అయితే పొలంలో నుంచి, నర్సు అయితే వార్డులో నుంచి.

స్టెప్ 5: హాల్లో, ముఖ్యంగా ప్రశ్న అడిగే చోట

పది నిమిషాలు ముందు వెళ్లి మధ్య వరసల్లో కూర్చోండి, ముందు వరస డిపార్ట్‌మెంట్ పెద్దలకి వదిలేస్తారు. హోస్ట్ పరిచయం అయిదు నిమిషాలు, టాక్ నలభై అయిదు నుంచి యాభై నిమిషాలు, తర్వాత ప్రశ్నలు. మొదటి పదిహేను నిమిషాలు బాగా అర్థమవుతుంది, తర్వాత గ్రాఫులు వస్తాయి, అక్కడ దారి తప్పినా లేవకండి, చివరి అయిదు నిమిషాల్లో మళ్లీ అందరికీ అర్థమయ్యే మాటల్లోకి వస్తారు. అక్కడున్న ఎమ్మెస్సీ పిల్లలకి కూడా మధ్యలో అంతా అర్థం కాదు, వాళ్లే నాకు చెప్పారు.

ఇప్పుడు ఆ మలేరియా టాక్ సంగతి. టాక్ అయిపోయింది, లైట్లు వేశారు, పిల్లలు పెద్ద పెద్ద మాటలతో ప్రశ్నలు అడుగుతున్నారు. నా నోట్‌బుక్‌లో మా ఎనిమిదో తరగతి పాప అడిగిన ప్రశ్న ఒక్కటే ఉంది. దోమ కుడితే మనకి మలేరియా వస్తుంది కదా టీచర్, మరి దోమకి రాదా? ఇది అడిగితే నవ్వుతారేమో అని చెయ్యి ఎత్తాలా వద్దా అని కాసేపు ఊగిసలాడాను, మైకు నా వరసలోకి వచ్చేసింది, ఇక అడిగేశాను, గొంతు వణికింది. ఎవరూ నవ్వలేదు. ఆ సైంటిస్ట్ లాప్‌టాప్ మళ్లీ తెరిచి వెనక్కి పోయి దోమ కడుపు గోడ స్లైడ్ ఒకటి పెట్టి, ఈ ప్రశ్నకే నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నా అన్నారు. పరాన్నజీవిలో ఆడ, మగ కణాలు కలిసేది మనలో కాదు దోమ కడుపులోనే, అక్కడ దోమ కూడా ఊరుకోదు, దాని రక్షణ వ్యవస్థ వాటిలో చాలావాటిని చంపేస్తుంది, తప్పించుకున్న కొన్నే కడుపు గోడ దాటి బుడిపెల్లా పెరుగుతాయి, అక్కడ్నించి లాలాజల గ్రంథుల్లోకి చేరి మన దాకా వస్తాయి అని దాదాపు పది నిమిషాలు చెప్పారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు, దోమ కడుపు గోడ మీద ఆ బుడిపెల్ని రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది ఇక్కడే, సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న అని. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉంది. నేను పదేళ్లుగా ఆ పాఠం చెప్తున్నా, రాస్ పేరు బోర్డు మీద రాస్తున్నా, మా ఊళ్లోనే అని నాకే తెలియదు. మర్నాడు క్లాసులో ఆ పాపని లేపి నీ ప్రశ్న యూనివర్సిటీలో అడిగాను, ఇదీ జవాబు అని చెప్తే ఆ పిల్ల మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ప్రశ్న అడగండి. ఒక్క ప్రశ్న, రెండు వాక్యాల్లో, ముందు మీరెవరో ఒక్క ముక్కలో చెప్పి. ప్రసంగం చేయొద్దు, మిగతావాళ్ల టైం తినేస్తాం. ఇంగ్లీష్ రాకపోతే తెలుగులో అడుగుతా అని చెప్పండి, పక్కన ఎవరో ఒకరు అనువాదం చేస్తారు, నా కళ్ల ముందే చాలాసార్లు జరిగింది. మైకులో అడగలేకపోతే టీ దగ్గర అడగండి. టాక్ తర్వాత వరండాలో టీ, బిస్కెట్లు పెడతారు, వక్త కప్పు పట్టుకుని నిలబడి ఉంటారు, అసలు మాటలు అక్కడే నడుస్తాయి.

స్టెప్ 6: ట్రైనింగులు, వర్క్‌షాపులు

లెక్చర్‌కి ఊరికే వెళ్లి కూర్చోవచ్చు, ట్రైనింగ్‌కి మాత్రం అప్లై చేయాలి, సెలెక్ట్ అవ్వాలి, ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే.

సోషల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సోషల్ సైన్స్ రీసెర్చ్ కోసం ఉన్న కేంద్ర సంస్థ) డబ్బులిచ్చి పెట్టించే పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు ఉంటాయి, కాలేజీ టీచర్లకి కెపాసిటీ బిల్డింగ్ కోర్సులు వేరే. విదేశీ ప్రొఫెసర్లు వచ్చి ఒకటి రెండు వారాలు చెప్పే జ్ఞాన్ (GIAN) అనే కేంద్ర ప్రభుత్వ పథకం కోర్సులు 2015లో మొదలయ్యాయి, వాటికి ఫీజు ఉంటుంది, స్టూడెంట్లకి తక్కువ, కంపెనీల వాళ్లకి ఎక్కువ. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ టీచర్ల రిఫ్రెషర్ కోర్సులు ఇప్పుడు మాలవీయ మిషన్ పేరుతో నడుస్తున్నాయి, ఒకప్పుడు అకడమిక్ స్టాఫ్ కాలేజీ అనేవాళ్లం, ప్రమోషన్లకి ఇవి అవసరం కాబట్టి సీట్లు తొందరగా నిండిపోతాయి. ఇవి కాక ల్యాబ్‌లో మిషన్ల మీద చేత్తో చేయించే హ్యాండ్స్-ఆన్ వర్క్‌షాపులు ఉంటాయి, మిషన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇరవై పాతికమందికి మించి తీసుకోరు.

బ్రోషర్ రాగానే చూడాల్సింది ఎవరు అర్హులు అనే పేరా. పీహెచ్‌డీ స్కాలర్లకి మాత్రమే అని ఉంటే ఎంత రాసినా లాభం లేదు. అర్హత ఉంటే ఆ రోజే ఫార్వార్డింగ్ లెటర్ పని మొదలెట్టండి. ఇది మీ హెడ్డో ప్రిన్సిపలో సంతకం పెట్టి సీల్ వేసి, ఈ వ్యక్తిని ట్రైనింగ్‌కి పంపడానికి మాకు అభ్యంతరం లేదు, ఆ రోజులు డ్యూటీ మీద ఉన్నట్టు లెక్క అని ఇచ్చే కాగితం. మా చెల్లెలు డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ, ఒక మంచి కోర్సుకి అన్నీ బాగా రాసి పంపింది, ఈ లెటర్ మాత్రం తర్వాత పంపుతా అని రాసింది, అప్లికేషన్ అక్కడే పక్కన పెట్టేశారు. ఫోన్ చేసి అడిగితే, మీకంటే ముందు ముప్పై పూర్తి అప్లికేషన్లు ఉన్నాయమ్మా అన్నారు. తప్పు వాళ్లది కాదు, కానీ పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. లెటర్ చేతికొచ్చాకే ఫారం నింపండి.

ఫారంలో "ఈ కోర్సు మీకు ఎందుకు" అని ఒక బాక్స్ ఉంటుంది. నాలెడ్జ్ పెంచుకోవడానికి అని రాయకండి, అందరూ అదే రాస్తారు. ఇప్పుడు మీరు చేస్తున్న పని ఏంటి, అందులో ఎక్కడ ఆగిపోయారు, ఈ కోర్సులో ఏ రోజు ఏ సెషన్ మీకు దాన్ని విప్పుతుంది, ఈ మూడే రాయండి. సంగారెడ్డి జిల్లాలో నలభైమంది చేనేత కుటుంబాల దగ్గర ప్రశ్నావళి నింపించాను, దాన్ని ఎలా విశ్లేషించాలో తెలియక ఆగాను, మూడో రోజు సెషన్ దానికోసమే, ఇలా ఉండాలి. మా చెల్లెలు రెండోసారి ఇలాగే రాసింది, వచ్చింది.

డబ్బుల సంగతి ముందే తేల్చుకోండి. ఫీజు వెనక్కి ఇస్తారా, ట్రైన్ ఛార్జీలు ఇస్తారా, ఇస్తే ఏ క్లాస్ దాకా, గెస్ట్‌హౌస్ దొరుకుతుందా, లోకల్ వాళ్లకి భోజనం ఉందా. టికెట్లు పారేయకండి, ఒరిజినల్ అడుగుతారు. ల్యాప్‌టాప్ తెచ్చుకోమంటే ముందురోజే వాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్ వేసుకుని వెళ్లండి, మొదటి రోజు హాల్లో వైఫై మీద అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ పెడితే ఆ పూట మొత్తం పోతుంది. మధ్యలో ఒక రోజు ఎగ్గొడదాం అనే ఆలోచన వద్దు, అటెండెన్స్ తీసుకుంటారు, పూర్తిగా లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు.

ఇంకొక్కటి, మధ్యాహ్నం భోజనం దగ్గర రోజుకో కొత్త టేబుల్ దగ్గర కూర్చోండి. పది రోజులు ఒకే ఇద్దరితో తిరిగితే ఆ ఇద్దరే మిగులుతారు.

స్టెప్ 7: నాటకం, నాట్యం, బొమ్మలు

సరోజినీ నాయుడు స్కూల్‌లో థియేటర్, డాన్స్, ఫైన్ ఆర్ట్స్, కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. సెమిస్టర్‌లో పిల్లలు తయారుచేసిన నాటకాలు వేస్తారు, కూచిపూడి, భరతనాట్యం పీజీ చేసే పిల్లల ప్రదర్శనలు ఉంటాయి, ఫైన్ ఆర్ట్స్ వాళ్లు చదువు ముగిసే ముందు తమ పని అంతా ఎగ్జిబిషన్‌గా పెడతారు. నా మటుకు నాకు, నగరంలో డబ్బులు పెట్టి చూసిన చాలావాటి కంటే ఈ పిల్లల నాటకాలే మనసుకి పట్టాయి. ఒకసారి చూసిన దాంట్లో స్టేజ్ అంటూ లేదు, నేల మీదే ఆడుతున్నారు, మేం చెక్క మెట్ల మీద కూర్చున్నాం. ఒక అమ్మాయి బిందె పట్టుకుని నా మోకాలికి జానెడు దూరంలో కూలబడి ఏడ్చింది, దాని మడమల పగుళ్లలో మట్టి నిజంగా ఉంది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు నిద్ర పట్టలేదు.

వీటికి సీట్లు తక్కువ, టైంకి తలుపులు వేస్తారు, మధ్యలో లోపలికి పంపరు, అందుకే అరగంట ముందు వెళ్లండి. ఫోన్ సైలెంట్ కాదు, ఆఫ్ చేయండి, చీకట్లో స్క్రీన్ వెలుగు నటుల కళ్లలో పడుతుంది. చిన్నపిల్లల్ని తీసుకెళ్లాలంటే కథ ఏంటో ముందు కనుక్కోండి. అయిపోయాక లోపలికి వెళ్లి పిల్లలతో ఒక మాట చెప్పి రండి, నెలల తరబడి చేసి ఉంటారు.

స్టూడెంట్స్ యూనియన్ పెట్టే సుకూన్ ఫెస్ట్ వేరే లెవెల్, పాటలు, డాన్సులు, ఫుడ్ స్టాల్స్, రాత్రి దాకా నడుస్తుంది, బయటివాళ్లని ఎంతవరకు రానిస్తారో ఆ ఏడాది పోస్టర్‌లో చూసుకోండి. శాస్త్రీయ సంగీతం, నాట్యం స్టూడెంట్ల దాకా తెచ్చే సంస్థ స్పిక్‌మెకే వాళ్ల కచేరీలు ఏ క్యాంపస్‌లో జరిగినా టికెట్ ఉండదు, వాటిని అస్సలు వదలొద్దు. క్యాంపస్‌కి దగ్గర్లో ఉండేవాళ్లు రేడియోలో 90.4 పెట్టి చూడండి, బోల్ హైదరాబాద్ అని యూనివర్సిటీ వాళ్ల కమ్యూనిటీ రేడియో, లోపల ఏం నడుస్తోందో అర్థమవుతుంది.

పిల్లలతో ఫ్యామిలీగా వెళ్లాలంటే మాత్రం హబ్సిగూడలో సీసీఎంబీ అనే బయాలజీ రీసెర్చ్ సంస్థ వాళ్ల ఓపెన్ డే బెటర్ అని నా అభిప్రాయం, ల్యాబులే తెరిచి చూపిస్తారు.

స్టెప్ 8: ఇంటికొచ్చాక

ఆ రాత్రే పది లైన్లు రాసుకోండి. రేపు రాద్దాం అంటే పోతుంది. కొత్తగా తెలిసింది మూడు ముక్కలు, అర్థం కానిది ఒకటి, ఎవరికి చెప్పాలి అనేది ఒకటి. అర్థం కానిది వక్తకి మెయిల్ పెట్టండి, ఫలానా రోజు మీ టాక్ విన్నాను, ఈ స్లైడ్ దగ్గర నాకు ఇది తెలియలేదు అని. జవాబు రావడానికి వారం పట్టొచ్చు, వస్తుంది. ఆ మలేరియా ఆవిడ దోమ కడుపు స్లైడ్ నాకు మెయిల్‌లో పంపారు, క్లాసులో వాడుకోండి అని. అది ప్రింట్ తీయించి మా ఎనిమిదో తరగతి వెనక గోడకి అంటించాం.

ఇప్పుడు నేను యూనివర్సిటీకి వెళ్తున్నానంటే పిల్లలు ముందురోజే చీటీలు రాసి ఇస్తున్నారు. వచ్చే గురువారం పాముల మీద టాక్ ఉంది, బ్యాగులో ఇప్పటికి ఏడు చీటీలు చేరాయి, వాటిలో ఒకటి, పాము తన నాలుక తనే కొరుక్కుంటే చచ్చిపోతుందా అని.